చూపు నేర్పే మూడేళ్లు

(ముస్లిం విద్యార్థుల ఉన్నత విద్యపై ఏర్పాటైన అవగాహన సభలో ఒక రేడియాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ‘వైద్య విద్యలో మన పిల్లలు’ అనే అంశం ఇచ్చారు. అంత విశాలమైన విషయాన్ని సమగ్రంగా చర్చించే అర్హత నాకు లేదు. నాకు తెలిసిన పని ఒక్కటే. పదిహేనేళ్లుగా ఎక్స్‌రేలు, అల్ట్రాసౌండ్‌లు, సీటీ, ఎమ్మారై స్కాన్‌లు చూస్తున్నాను. వాటిని చూడడం చిన్న డాక్టర్లకు నేర్పుతున్నాను. కాబట్టి రేడియాలజీలో పీజీ శిక్షణ అంటే ఏమిటి, అందులోకి మన పిల్లలు ఎలా ప్రవేశించాలి, ప్రవేశించే ముందు కుటుంబం ఏమి తెలుసుకోవాలి అనే పరిధికే నా మాటలను పరిమితం చేసుకుంటాను.

ఈ అంశాన్ని ఎంచుకోవడానికి ఒక కారణముంది. కొంతకాలం క్రితం ఒక దంపతులు మా ఇంటికి వచ్చారు. ఆయన బట్టల దుకాణం నడుపుకుంటారు. కూతురు ఎంబీబీఎస్ పూర్తి చేసింది. నీట్ పీజీలో వచ్చిన ర్యాంకుకు రేడియాలజీలో ప్రభుత్వ సీటు దొరకదు. ఒక ప్రైవేటు కళాశాలలో మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానని మధ్యవర్తి ఒకరు చెప్పారట. ఆ తండ్రి నన్ను ఇలా అడిగారు: “డాక్టరమ్మా, ఆడపిల్లకు ఇదే మంచి కోర్సని అందరూ అంటున్నారు. రాత్రి డ్యూటీలు ఉండవట. పరాయి మగవాళ్లను ముట్టుకునే అవసరం రాదట. ఏసీ గదిలో కూర్చుని ఫొటోలు చూస్తే చాలట. ఉన్న ఒక్క ఇల్లు అమ్మేస్తే ఫీజుకు సరిపోతుంది. అమ్మమంటారా?”

ఆయన మాట పూర్తికాకముందే పక్కనున్న తల్లి అందుకుంది: “ఇల్లు పోతే పోనివ్వండి. రేడియేషన్ దగ్గర పనిచేస్తే రేపు పిల్లలు పుడతారా? సంబంధాలు వస్తాయా?”

ఒకరి ఆశ, ఒకరి భయం. రెండూ కూతురి మీద ప్రేమలోంచి పుట్టినవే. అయితే రెండింటికీ ఆధారం విన్నమాటలే. ఆ రోజు వారికి చెప్పిన సమాధానాన్నే ఈ రోజు మీ అందరి ముందు కొంత వివరంగా చెబుతాను.

మొదట ‘ఫొటోలు చూసే పని’ అన్న మాటను పరిశీలిద్దాం.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి 1901లో ఆయనకే దక్కింది. శరీరాన్ని కోయకుండా లోపలి ఎముకను చూడగలగడం ఆనాటికి ఒక అద్భుతం. తరువాత సీటీ స్కాన్ వచ్చింది. దాన్ని అభివృద్ధి చేసినందుకు హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979లో వైద్య నోబెల్ లభించింది. సీటీలో కనిపించే ప్రతి బూడిదరంగు చుక్క వెనుక ఒక సంఖ్య ఉంటుంది. నీటికి సున్న, గాలికి మైనస్ వెయ్యి. ఎముకకు వందల్లో, కొన్నిచోట్ల వెయ్యికి పైగా కూడా ఉంటుంది. ఇన్ని ఛాయలను మానవ నేత్రం ఒకేసారి వేరుచేసి చూడలేదు. అందువల్ల మెదడుకు ఒక అమరిక, ఎముకకు ఒక అమరిక, ఊపిరితిత్తులకు మరొక అమరిక పెట్టుకుని అదే చిత్రాన్ని మళ్లీ మళ్లీ చూడాలి. వీటినే మేము ‘విండోలు’ అంటాము. ఏ కిటికీ తెరవాలో తెలియనివారికి లోపల ఉన్నది కనబడదు.

నేను మొదటి సంవత్సరం పీజీలో ఉండగా జరిగిన ఒక సంఘటన చెబుతాను. అర్ధరాత్రి దాటాక రెండు గంటల వేళ. ఆటో నడిపే ఒక వ్యక్తి మెట్ల మీద జారిపడ్డాడని తీసుకొచ్చారు. తెలివిగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. తలకు సీటీ తీశారు. నేను చిత్రాలన్నీ చూసి ‘ఏమీ లేదు’ అని రాశాను. ఇంటికి పంపించడానికి బంధువులు సిద్ధమవుతున్నారు. అప్పుడు మా సీనియర్ నా వెనుక నిలబడి, “మళ్లీ చూడు, కుడి ఎడమలు పోల్చి చూడు” అన్నారు. చూశాను. నాకు ఏమీ తోచలేదు. ఆయన విండో కాస్త వెడల్పు చేశారు. అంతవరకు పుర్రె ఎముక తెలుపులో కలిసిపోయిన సన్నని నెలవంకలాంటి రక్తపు పొర విడివడి కనబడింది. ఆ మనిషిని ఆసుపత్రిలోనే ఉంచారు. తెల్లవారేసరికి రక్తస్రావం పెరిగింది. శస్త్రచికిత్స చేశారు. బతికాడు.

ఆ రాత్రి నేను చూసిన చిత్రమూ, మా సీనియర్ చూసిన చిత్రమూ ఒకటే. యంత్రమూ ఒకటే. తేడా అంతా చూపులో ఉంది. ఆ చూపు పుస్తకం ఇవ్వదు, యంత్రం ఇవ్వదు. పక్కన నిలబడి ‘మళ్లీ చూడు’ అనే మనిషి ఇస్తాడు. నేను ఈ సభలో చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. రేడియాలజీ శిక్షణ అంటే వేల చిత్రాలను స్వయంగా చదివి, ప్రతి తప్పునూ ఒక గురువు చేత దిద్దించుకోవడం. ఆ దిద్దుబాటు లేనిచోట ఎంత డబ్బు పోసినా మీరు కొనేది ఒక పట్టా మాత్రమే. ఆ పట్టా పట్టుకుని రేపు రిపోర్టు రాసేది మన తండ్రులకు, మన చెల్లెళ్లకే.

ఇప్పుడు ఆ మూడేళ్లు ఎలా గడుస్తాయో చెబుతాను.

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. ఆ తరువాత నీట్ పీజీ. ర్యాంకును బట్టి ఎం.డి. రేడియోడయాగ్నోసిస్ సీటు వస్తే అది మూడేళ్ల కోర్సు. మొదటి ఏడాదిలో భౌతికశాస్త్రం మళ్లీ చదవాలి. శరీర నిర్మాణాన్ని ఈసారి అడ్డుకోతల్లో, నిలువుకోతల్లో నేర్చుకోవాలి. ఛాతీ ఎక్స్‌రేలు వందల కొద్దీ చదవాలి. జెల్ రాసి ప్రోబ్ పట్టుకుని అల్ట్రాసౌండ్ చేయాలి. బేరియం పరీక్షలు చేయాలి. రెండో ఏడాది నుంచి సీటీ, ఎమ్మారై, రక్తనాళాల డాప్లర్ పరీక్షల భారం పెరుగుతుంది. సీటీ కోసం ఎక్కించే కాంట్రాస్ట్ మందు కొందరికి పడదు. క్షణాల్లో రక్తపోటు పడిపోవచ్చు. అప్పుడు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం నిలబెట్టవలసింది అక్కడే ఉన్న రెసిడెంట్. ఎమ్మారై గదిలోకి ఎవరూ ఆక్సిజన్ సిలిండరు తీసుకుపోకుండా, పేస్‌మేకర్ ఉన్న రోగిని తెలియక పంపకుండా కాపలా కాయవలసిందీ ఆ రెసిడెంటే. మూడో ఏడాదికి మామోగ్రఫీ, సూదితో కణితి ముక్క తీయడం, లోపలి చీమును గొట్టంతో బయటకు తీయడం వంటి పనులు చేతికి వస్తాయి. వీటన్నిటి మధ్య పరిశోధనా వ్యాసం పూర్తి చేయాలి. మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. చివర్లో నాలుగు థియరీ పేపర్లు, ఆపైన ప్రాక్టికల్, మౌఖిక పరీక్ష.

కాబట్టి ఆ తండ్రికి మొదటి జవాబు: రాత్రి డ్యూటీలు ఉంటాయి. పెద్ద బోధనాసుపత్రిలో ప్రమాదాలు, పక్షవాతాలు, గర్భిణుల అత్యవసర కేసులు రాత్రి కూడా ఆగవు. స్కాన్ గది రాత్రి మూసివేయరు. మూడేళ్లూ అమ్మాయి రాత్రులు ఆసుపత్రిలో గడుపుతుందని ముందే అంగీకరించిన కుటుంబమే ఈ కోర్సుకు సిద్ధమైన కుటుంబం. ‘నైట్ డ్యూటీ ఉండదు’ అన్న నమ్మకంతో చేర్పించి, మూడో నెలలో ఉద్యోగం మానేసి రమ్మని ఒత్తిడి చేస్తే ఒక సీటు వృథా అవుతుంది, ఒక అమ్మాయి మనసు విరుగుతుంది.

రెండో జవాబు: ముట్టుకోవలసి వస్తుంది. అల్ట్రాసౌండ్ దూరం నుంచి చేసే పరీక్ష కాదు. రోగి పురుషుడైనా, స్త్రీ అయినా పొట్ట మీద ప్రోబ్ పెట్టాలి. అవసరమైతే మర్మాంగాల పరీక్ష కూడా చేయాలి. వృత్తి దీనికి హద్దులు పెట్టింది. రోగి అంగీకారం తీసుకోవాలి, అవసరమైనంతే బట్ట తొలగించాలి, మూడో మనిషి గదిలో ఉండాలి. ఈ మర్యాదను కూడా శిక్షణలోనే నేర్చుకుంటారు.

ఇదే విషయాన్ని ఇంకోవైపు నుంచి చూడమని తల్లులను ప్రత్యేకంగా కోరుతున్నాను. రొమ్ములో గడ్డ ఉందని తెలిసి కూడా ఏడాదిపాటు ఎవరికీ చెప్పని ఒక సోదరి నా దగ్గరకు వచ్చింది. ఎందుకమ్మా ఇంత ఆలస్యమని అడిగితే, “మా ఊరి స్కానింగ్ సెంటర్లో మగ డాక్టరే ఉన్నారు, వెళ్లలేకపోయాను” అంది. అప్పటికి జబ్బు చంకలోని గ్రంథులకు పాకింది. మన ఇళ్లలోని స్త్రీలకు మహిళా డాక్టరు కావాలని మనమే కోరుకుంటాం. మన ఆడపిల్లలను ఆ డాక్టర్లుగా తయారుచేయడానికి మనమే వెనుకాడుతాం. ఈ రెండూ కలిసి నడవవు. తెలుగులో అడిగినా, ఉర్దూలో అడిగినా ‘నొప్పి ఎక్కడమ్మా’ అని వాళ్ల మాటలోనే అడగగల లేడీ రేడియాలజిస్టు ప్రతి జిల్లా కేంద్రంలోనూ కావాలి.

ఇక తల్లి భయం. రేడియేషన్.

భయాన్ని కొట్టిపారేయను. అది నిజమైన ప్రమాదమే కనుకనే దానికి కచ్చితమైన నియమాలున్నాయి. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి ఈ నియమాలను అమలు చేస్తుంది. ఎక్స్ కిరణాలతో పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పోలికకు చెప్పాలంటే, ప్రకృతి నుంచి మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. రెసిడెంట్లు ఛాతీ దగ్గర టీఎల్‌డీ బ్యాడ్జి ధరిస్తారు. దాన్ని నిర్ణీత వ్యవధిలో ప్రయోగశాలకు పంపి ఎంత రేడియేషన్ అందిందో లెక్క తీస్తారు. సీటీ తీసేటప్పుడు డాక్టరు సీసపు గాజు వెనుక ఉంటారు. ఎక్స్ కిరణాలు వెలువడుతుండగానే రోగి పక్కన నిలబడి చేసే పరీక్షల్లో సీసపు ఏప్రాన్ వేసుకుంటారు. అల్ట్రాసౌండ్‌లో, ఎమ్మారైలో ఈ రకమైన రేడియేషన్ అసలు ఉండదు. రెసిడెంట్ గర్భవతి అయితే ఆ విషయం తెలియజేసిన నాటి నుంచి గర్భస్థ శిశువుకు ఒక మిల్లీసీవర్ట్ మించకుండా చూడాలని నియమం. ఆమెను అల్ట్రాసౌండ్, ఎమ్మారై, రిపోర్టింగ్ పనులకు మార్చవచ్చు. నియమాలు పాటించేచోట ఈ వృత్తి సంతానానికి అడ్డు కాదు. నా ఇద్దరు పిల్లల్లో పెద్దది నా పీజీ మూడో ఏడాదిలోనే పుట్టింది. కనుక మీరు అడగవలసిన ప్రశ్న ‘రేడియేషన్ ఉందా’ అన్నది కాదు. ‘ఈ కళాశాలలో బ్యాడ్జీలు ఇస్తున్నారా, లెక్కలు చూపిస్తున్నారా’ అని అడగండి.

ఇక ఇంటి సంగతి. అంటే సీటు సంగతి.

రేడియాలజీ నేడు నీట్ పీజీలో ముందు ర్యాంకులవారు కోరుకునే శాఖ. కోరిక ఎక్కువ, సీట్లు తక్కువ అయినచోట ధర పెరుగుతుంది, దళారులు పుడతారు. తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన మొదటి విషయం: మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్య విశ్వవిద్యాలయాలు, అంటే విజయవాడలోని ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ నిర్వహిస్తాయి. మేనేజ్‌మెంట్ కోటాకు కూడా నీట్ పీజీ అర్హత తప్పనిసరి, కౌన్సెలింగ్ ద్వారానే రావాలి. మైనారిటీ కళాశాలలకూ నీట్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో స్పష్టంగా తీర్పునిచ్చింది. కనుక ‘సీటు ఇప్పిస్తాను, అడ్వాన్సు ఇవ్వండి’ అనే మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. ఆయన అమ్ముతున్నది ఆయన చేతిలో లేని వస్తువు.

రెండో విషయం: మన హక్కులను మనం పూర్తిగా వాడుకుంటున్నామా? సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ఒక వాక్యం నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో ప్రతి పాతిక మందిలో ఒకరు, పీజీ స్థాయిలో ప్రతి యాభై మందిలో ఒకరు మాత్రమే ముస్లింలని అందులో ఉంది. డిగ్రీ నుంచి పీజీకి వచ్చేసరికి మన సంఖ్య సగానికి సగం పడిపోతున్నదన్నమాట. ఎంబీబీఎస్ సీటు వస్తే వీధి వీధంతా మిఠాయిలు పంచుతాం. ఆ తరువాతి మెట్టు దగ్గర మన పిల్లలు ఎక్కడ జారిపోతున్నారో ఎవరూ చూడడం లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం ద్వారా సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగించింది. ఆ ఉత్తర్వు నీడలోనే అనేకమంది మన పిల్లలు డాక్టర్లయ్యారు. పీజీ కన్వీనర్ కోటా సీట్లకూ అది వర్తిస్తుంది. అయితే 4 శాతం అంటే పాతిక సీట్లకు ఒకటి. చాలా కళాశాలల్లో రేడియాలజీ సీట్లు వేళ్ల మీద లెక్కించగలిగినన్నే ఉంటాయి. కనుక ఆ ఒక్క సీటు దగ్గర ధ్రువపత్రం లేక ఆగిపోవడం కంటే విషాదం మరొకటి లేదు. నేను అలాంటివారిని చూశాను. ర్యాంకు ఉంది, కులం ఉంది, కాగితం లేదు.

దూదేకుల సోదరులు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ తదితర వర్గాలకు బీసీ-ఇ వర్తించదు. వారిలో ఆదాయ పరిమితికి లోబడినవారు ఆర్థికంగా బలహీన వర్గాల కోటాను చూసుకోవాలి. ఇంకొక మెలిక ఉంది. ప్రభుత్వ కళాశాలల పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటాకు వెళతాయి. అక్కడ ఓబీసీలకు 27 శాతం ఉంది, 2022 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ అక్కడ చెల్లేది కేంద్ర ఓబీసీ జాబితా. రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్టు కాదు. మీ వర్గం రెండింటిలో ఎక్కడ ఉందో పరీక్ష రాయకముందే చూసుకుని, రెండు రకాల ధ్రువపత్రాలూ సిద్ధం చేసుకోవాలి. కౌన్సెలింగ్ గడువు మీ తహసీల్దారు కార్యాలయం కోసం ఆగదు.

మూడో విషయం: ఎం.డి. ఒక్కటే దారి కాదు. జాతీయ పరీక్షల మండలి నిర్వహించే డీఎన్‌బీ కూడా మూడేళ్ల శిక్షణే. దానికీ నీట్ పీజీ ర్యాంకే ఆధారం. ఫీజును మండలి నియంత్రిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా బేరాలు అక్కడ ఉండవు. పరీక్ష కఠినమన్న పేరుంది, ఆ కాఠిన్యం చూపుకు మంచిదే. రెండేళ్ల డిప్లొమా కూడా ఉంది, అది చేసినవారు తరువాత రెండేళ్లలో డీఎన్‌బీ పూర్తి చేయవచ్చు. ఎయిమ్స్, జిప్మర్ వంటి సంస్థలకు ప్రత్యేకంగా ఐఎన్‌ఐ సెట్ ఉంది. ఇవన్నీ చూసుకోకుండా ఇంటి పత్రాలు బయటకు తీయవద్దు.

నాలుగో విషయం నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ఏ కళాశాలలోనైనా చేరే ముందు అమ్మాయినో అబ్బాయినో వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లండి. భవనాన్ని చూసి రాకండి. అక్కడ ప్రస్తుతం చదువుతున్న రెసిడెంట్లను విడిగా కలిసి అడగండి. రోజుకు ఎన్ని సీటీలు, ఎన్ని ఎమ్మారైలు జరుగుతాయి? ఆ యంత్రాల మీద మొదటి రిపోర్టు మీరే రాస్తున్నారా, లేక బయటి సంస్థ రాసుకుపోతున్నదా? మీ రిపోర్టును ఎవరు దిద్దుతారు, పక్కన కూర్చోబెట్టుకుని తప్పు చూపిస్తారా? అల్ట్రాసౌండ్ ప్రోబ్ మీ చేతికి ఇస్తారా? రాత్రి అనుమానం వస్తే పిలిస్తే వచ్చే పెద్ద డాక్టరు ఉన్నారా? వారానికి ఎన్నిసార్లు కేసుల చర్చ జరుగుతుంది? అమ్మాయిలకు తలుపు గడియ పడే డ్యూటీ గది ఉందా?

ఈ ప్రశ్నలకు ‘అవును’ అని జవాబొచ్చే పాత ప్రభుత్వ ఆసుపత్రి, పగుళ్లు పడిన గోడలతో ఉన్నా సరే, ‘కాదు’ అని జవాబొచ్చే పాలరాతి భవనం కంటే వెయ్యి రెట్లు మేలు. రోగులు లేని ఆసుపత్రిలో చూపు పెరగదు. రోగులు ఉన్నా గురువు లేనిచోట తప్పే అలవాటవుతుంది.

విద్యార్థులు తరచుగా అడిగే ఒక ప్రశ్నకూ జవాబు చెప్పాలి. కృత్రిమ మేధ వచ్చాక రేడియాలజిస్టులు అవసరమా అని. 2016లో జెఫ్రీ హింటన్ అనే ప్రఖ్యాత శాస్త్రవేత్త, రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలని, ఐదేళ్లలో యంత్రాలు వారిని మించిపోతాయని అన్నారు. ఆయనకు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆయన చెప్పిన ఐదేళ్లు మాత్రం ఎప్పుడో గడిచిపోయాయి, మా స్కాన్ గదుల ముందు వరుసలు తగ్గలేదు. యంత్రం సాయం చేస్తుంది. అనుమానమున్న చిత్రాన్ని ముందుకు తెస్తుంది. అయితే యంత్రం చెప్పింది తప్పో ఒప్పో తేల్చవలసింది చూపు ఉన్న మనిషే. అందుకే నా విద్యార్థులకు ఒక నియమం పెట్టాను. ముందు నీవు చూసి నీ అభిప్రాయం రాయి, తరువాతే యంత్రం ఏమందో చూడు.

శిక్షణలో నేర్పే మరొక పాఠం గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. 1994 నాటి చట్టం ప్రకారం గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పడం నేరం. జైలు శిక్ష ఉంది. ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఫారం-ఎఫ్ నింపాలి. రెసిడెంట్‌కు ఇది మొదటి నెలల్లోనే నేర్పుతాం. కానీ పరీక్ష కాగితం మీద రాదు. సొంత బంధువు స్కాన్‌కు వచ్చి, “మన అమ్మాయివే కదా, కాస్త చెప్పు” అని నవ్వుతూ అడిగినప్పుడు వస్తుంది. ఆ క్షణంలో నోరు మూసుకోగల ధైర్యం శిక్షణలో భాగమే. మీ ఇంట్లో రేడియాలజిస్టు తయారైతే దయచేసి ఆమెను ఆ పరీక్షకు గురిచేయకండి.

పెద్దలకు, సంఘాల బాధ్యులకు చివరిగా కొన్ని విన్నపాలు. ర్యాంకు వచ్చిన రోజున శాలువా కప్పడం మంచిదే. అంతకంటే ముందు ఏడాది ఆ విద్యార్థికి మీ అవసరం ఎక్కువ. ఇంటర్న్‌షిప్ అయిపోయాక పీజీ పరీక్షకు చదివే కాలంలో జీతం ఉండదు, ఇంట్లో గది ఉండదు, పెళ్లి ఒత్తిడి మాత్రం ఉంటుంది. ఆ ఏడాది ఖర్చులకు విద్యా నిధి నుంచి సాయం చేయండి. ప్రతి పట్టణంలో ఒక నిశ్శబ్దమైన చదువుల గది తెరవండి. కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం ఒక సహాయ కేంద్రం నడపండి. బోధనాసుపత్రుల దగ్గర అమ్మాయిలకు భద్రమైన వసతి చూడండి. ఇప్పటికే పీజీ చేస్తున్న మన పిల్లల పేర్లు సేకరించి, కొత్తవారికి వారితో పరిచయం కల్పించండి. ఒక సీటు కొనడానికయ్యే డబ్బుతో ఎంతమంది ఈ ఏడాదిని దాటగలరో మీరే లెక్క వేయండి.

ఆ దంపతులకు నేనేం చెప్పానని మీకు సందేహం ఉండవచ్చు. ఇల్లు అమ్మవద్దన్నాను. అమ్మాయిని ఒక్కసారి నాతో మాట్లాడనివ్వమన్నాను. ఆమె వచ్చింది. రెండు గంటలు నా రిపోర్టింగ్ గదిలో కూర్చుంది. వెళ్లేముందు, “మేడమ్, రాత్రి డ్యూటీ ఉంటుందని నాకు ముందే తెలుసు. ఇంట్లో చెప్పలేకపోయాను” అంది. వాళ్ల నాన్నగారికి ఆ మాట నా ఎదుటే చెప్పించాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, “అయితే ఇంకొక ఏడాది చదువుకో బేటీ” అన్నారు.

ఆమె ఇప్పుడు మళ్లీ పరీక్షకు చదువుతోంది. సీటు వస్తుందో రాదో నేను చెప్పలేను. కానీ ఇల్లు నిలిచింది, ఇంట్లో నిజం మాట్లాడుకున్నారు. మన పిల్లల చదువు విషయంలో ప్రతి ఇంట్లోనూ మొదట జరగవలసింది ఇదేనని నా నమ్మకం.